పదమూడు వందల యాభై ఎనిమిదో సంవత్సరపు హీటరు

ఒక ఊరు నాగరికతలో ఎంత ముందుకు వెళ్ళిందో తెలుసుకోవడానికి అక్కడ ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో, ఎన్ని రైళ్ళు ఆగుతున్నాయో చూడనక్కర్లేదు. ఒక మనిషి వెచ్చగా కూర్చోవాలంటే ఎన్ని సంతకాలు కావాలో చూస్తే చాలు. ఆ ప్రకారం మా సికింద్రాబాదు పోయిన డిసెంబరులోనే లండనును దాటిపోయింది. (వణకడానికి మాత్రం ఇంకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ లోపం పైవారి దృష్టికి రాకముందే రాసేస్తున్నాను.)

సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. రాజ్యం ఐదు రోజుల్లో చేతులు మారింది. మా హాస్టల్లో గ్యాసు హీటరు వెలగడానికి ఐదు నెలలు పట్టింది. రెంటిలో ఏది కష్టమైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

మా హాస్టలు తిరుమలగిరి దారిలో ఉంది. ఇరవై ఆరుగురు ఆడపిల్లలం. మా వార్డెను ఎలీసబెతు గారిది గుంటూరు వైపు. ఆమె ఒకనాడు తెల్ల సోల్జర్లు వదిలిపోయిన సామాన్ల వేలానికి దుప్పట్ల కోసం వెళ్ళి, దుప్పట్లు అయిపోయాయంటే ఒక హీటరుతో తిరిగొచ్చారు. అందులో పెద్ద వింత ఏమీ లేదు. ఒక డబ్బాలో కార్బైడు గడ్డలు వేస్తారు. పైనుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా పడితే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసు రబ్బరు గొట్టంలోంచి ఒక ఇత్తడి చట్రంలోకి వెళ్తుంది. అక్కడ అగ్గిపుల్ల చూపిస్తే తెల్లటి పెంకులు ఎర్రగా కాలి గది వెచ్చబడుతుంది. జాతరలో మిఠాయి దుకాణాల ముందు వెలిగే కార్బైడు దీపానికి ఇది పెద్దన్న, అంతే.

దాన్ని కొన్నది మార్త కోసం. మార్తకు పన్నెండేళ్ళు, నా పక్క మంచం. నాకంటే చిన్న తరగతిలో ఉండి కూడా నా లెక్కలు తానే చేసేది. చలి ముదిరితే ఆమె ఛాతీ పట్టేసేది, రాత్రంతా దగ్గేది. బొగ్గుల కుంపటి పెడితే పొగకు దగ్గు రెట్టింపయ్యేది. పొగ లేని వేడి కావాలని, ఈ చలి నెలలు గడిచేదాకా గది వెచ్చగా ఉంచమని ఆస్పత్రి డాక్టరమ్మ చీటీ రాసిచ్చారు.

అదే వారం మార్త తండ్రి జకర్యా ఊరి నుంచి వచ్చాడు. కూతురి దగ్గు విని గుమ్మంలోనే కూర్చుండిపోయాడు.

"అమ్మగారూ, పోయినేడు సుత గిట్లనే అయింది. పెద్దపిల్లను గిట్లనే పోగొట్టుకున్న. సదువు లేకున్న బతుకుతది, పానం లేకపోతె ఎట్ల? క్రిస్మస్‌కు మల్ల వస్త. అప్పటికి దగ్గు తగ్గకుంటె తోలుకపోత. మల్ల తోల్కరాను."

"హీటరు కొన్నామయ్యా. రేపోమాపో వెలిగిస్తాం" అన్నారు ఎలీసబెతు గారు. (ఆమె జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటిలో ఇదే పెద్దది. అప్పటికి ఆమెకా సంగతి తెలియదు.)

మర్నాడు మోండా మార్కెట్‌లో దీపాలు బాగుచేసే తుకారాం వచ్చాడు. గిన్నెలో సబ్బు నురగ కలిపాడు. హీటరు కీళ్ళన్నిటికీ నురగ పూసి, బుడగలు లేస్తాయేమోనని కళ్ళు చికిలించి చూశాడు. ఒకచోట లేచాయి. అక్కడ వాషరు మార్చి మళ్ళీ నురగ పూశాడు. లేవలేదు.

"ఇగ చూడుండ్రి అమ్మా. మొదలు కిటికీ జెరంత తెరువాలె. నీళ్ళ నల్లా విప్పాలె. ఎల్లిపాయ వాసన గదిల వస్తె అగ్గి గీకొద్దు, బయటికి ఉరకాలె. వాసన లేకుంటె ముందు అగ్గిపుల్ల పెట్టాలె, తర్వాత గ్యాసు విప్పాలె. ఉల్టా చేస్తె మీసాలు కాల్తయ్."

"మాకు మీసాల్లేవయ్యా" అన్నారు ఎలీసబెతు గారు.

"గదే చెప్తున్న. నాకున్నయ్. నాకే భయం లేదు, మీకెందుకు?"

మొత్తం పావుగంట పట్టింది. భద్రతా పరీక్ష అంటే నిజానికి ఇంతేనని అప్పుడు తెలుసుకున్నాను. కానీ తుకారాం వేలిముద్రగాడు, పైగా అతని తలపై టోపీ మామూలు టోపీ. అలాంటివాడు సురక్షితమన్న వస్తువును ప్రభుత్వం సురక్షితమనుకోదు. గ్యాసు యంత్రాలు వెలిగించేముందు అనుమతి తీసుకోవాలని గోడలమీద కొత్త నోటీసులు అంటించి ఉన్నాయి. సైన్యం ఊళ్ళో తిరుగుతున్న రోజులు. హాస్టలు మూయిస్తారేమోనన్న భయంతో ఎలీసబెతు గారు గృహోష్ణ యంత్రాల పర్యవేక్షణ కచేరీకి బయలుదేరారు. జనం దాన్ని గరం దఫ్తరు అంటారు. నా దస్తూరీ బాగుంటుందని అర్జీలు రాయడానికి నన్ను వెంటబెట్టుకెళ్ళారు. నాకు కొత్తవాళ్ళ ముందు గొంతు పెగలదు. అది కూడా మంచిదే అన్నారామె, అర్జీదారులు మాట్లాడకపోతేనే పని త్వరగా అవుతుందట.

గరం దఫ్తరులో గుమాస్తా సోమయ్య గారు ఉన్నారు. గదిలో చలికి మఫ్లరు చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని ఉన్నారు.

"పహలె అర్జీలు ఉర్దూల రాసేటోళ్ళమ్మా. గిప్పుడు కొత్త సర్కారు ఇంగ్లీషుల రాయమంటున్నది. మీరు రెండిట్ల రాసి తెండ్రి. ఏది చెల్తదో ఆ దినం చూసుకుందం."

రెండిట్లో రాశాం. ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. గది పొడవెంత, వెడల్పెంత, గదిలో ఎందరుంటారు, వారిలో చలి వేస్తున్నవారెందరు, వేస్తున్నట్టు రుజువేమిటి. రుజువుగా డాక్టరమ్మ చీటీ జతపరిచాం. సోమయ్య గారు దాన్ని వెనకా ముందూ తిప్పి చూశారు.

"ఇండ్ల వెచ్చటి గది అని రాసిన్రు. హీటరు అని లేదు గద?"

"వెచ్చటి గది హీటరు లేకుండా ఎలా వస్తుందండీ?"

"ఎండకాలం సుత వస్తది గదమ్మా."

చీటీ మళ్ళీ రాయించుకొచ్చాం. డిసెంబరు రెండో వారంలో తనిఖీకి గౌస్ మియా గారు వచ్చారు. పాత ప్రభుత్వం నుంచి ఇరవయ్యేళ్ళుగా అదే పనిలో ఉన్న ముసలి ఇనస్పెక్టరు. షేర్వాణీ మోచేతుల దగ్గర చక్కగా రఫూ చేసి ఉంది. సబ్బు ముక్క తనే తెచ్చుకున్నారు. తుకారాం చేసినవన్నీ అదే వరుసలో చేశారు. ఆ తర్వాత, తనిఖీలో భాగంగా ఐదు నిమిషాలు వెలిగించాలి అన్నారు.

వెలిగించారు. పెంకులు మొదట గులాబీ రంగులో, తర్వాత ఎర్రగా అయ్యాయి. గది మూలల్లోంచి చలి లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. మార్త దుప్పట్లోంచి రెండు చేతులూ చాపి అరచేతులు అటు పెట్టింది. ఆ ఐదు నిమిషాలూ ఆమె దగ్గలేదు.

"అచ్ఛా ఉన్నదా బేటీ?" అని అడిగారాయన.

"నా చెవులు కూడా వెచ్చగైనయ్ సాబ్" అంది మార్త.

గౌస్ మియా గారు జేబుగడియారం వంక చూశారు. ఐదు నిమిషాలకు బదులు ఏడు నిమిషాలు ఉంచారు. (ఈ రెండు నిమిషాల అక్రమం ఏ రికార్డులోనూ లేదు.) తర్వాత ఆర్పేసి, గ్యాసు నల్లాకు దారం చుట్టి లక్కతో ముద్ర వేశారు.

"మాఫ్ కర్‌నా బేటీ. పైన కొత్త ఆఫీసరు దస్కతు పెట్టేదాంక ముద్ర తియ్యొద్దు. రెండు దినాలల్ల అయితది."

ధ్రువపత్రం అందమైన ఉర్దూలో రాశారు. మేము చదువుకుంటామని కింద తెలుగులోనూ రాశారు. 'ఈ యంత్రం సురక్షితం. మూడు నెలలు చెల్లుతుంది. బహమన్ 4, 1358.'

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా నైజాం ఇలాకాలో సర్కారు లెక్క ఫసలీ లెక్క. మా ఊరి బళ్ళో ప్రతి పొద్దునా పంతులు గారు పలకమీద ఆ తేదీయే రాయించేవారు. బహమన్ అంటే డిసెంబరు, 1358 అంటే 1948. ఇది అందరికీ తెలుసు కనుక ఫసలీ అన్న మాట ఎవరూ రాయరు. తన ఇంటి ముందు తన పేరు ఎవరు రాసుకుంటారు?

మరో రెండు రోజులకు గౌస్ మియా గారిని సెలవు మీద పంపారు. (ఆయన సెలవు అడగలేదు. ఆ రోజుల్లో చాలామందికి అడగకుండానే సెలవులు దొరికాయి.) మేము సంతకం కోసం కొత్త ఆఫీసరు కూర్మారావు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన రాజమండ్రి వైపు నుంచి కొత్తగా వచ్చారు. నెమ్మదైన మనిషి. మమ్మల్ని కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. ఆయన గురించి ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నా ఇదే చిక్కు.

"చూడండమ్మా. మీ హీటరు విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఈ పత్రం చెల్లుబాటు మూడు నెలలు. తేదీ పదమూడు వందల యాభై ఎనిమిది. అంటే గడువు ముగిసి సుమారు ఐదువందల తొంభై ఏళ్ళు అవుతోంది. మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు."

ఎలీసబెతు గారు గుంటూరు మనిషి. ఆమెకూ ఈ తేదీలు సరిగా తెలియవు. "అదేదో వీళ్ళ లెక్కండీ. మొన్న బుధవారమే రాశారు. మా కళ్ళముందే రాశారు" అన్నారు.

"అలాగా? బుధవారం అని పత్రంలో లేదే?"

నాకు తెలుసు. ఐదువందల తొంభై కలపాలి. ఆ మాట నా నాలుక చివరన ఉంది. కూర్మారావు గారు నా వైపు చూసి, "ఏమ్మా, ఏదన్నా చెప్తావా?" అని అడిగారు. నేను తల అడ్డంగా ఊపాను. అలా ఎందుకు ఊపానో ఆ రాత్రి డైరీలో రెండు పేజీలు రాసుకున్నాను. మార్త పక్కన దగ్గుతూనే ఉంది.

కూర్మారావు గారు ఫైలు ఇంకా లోతుగా పరిశీలించి, తర్వాతి వారం మాకు తాఖీదు పంపారు. పదమూడు వందల యాభై ఎనిమిదిలో తనిఖీ జరిగిందంటే ఆ యంత్రం అప్పటికే ఉండాలి. కనుక అది దాదాపు ఆరువందల ఏళ్ళ నాటి వస్తువు. అంత పాత వస్తువును పురాతన వస్తువుల కచేరీ అంగీకారం లేకుండా వెలిగించడం ముప్పై ఒకటో నిబంధనకు విరుద్ధం.

హీటరును జట్కాలో వేసుకుని ఆ కచేరీకి తీసుకెళ్ళాం. లక్కముద్ర చెదరకుండా దారంతా నేను చేత్తో పట్టుకున్నాను. అక్కడి పెద్దమనిషి భూతద్దంతో చూసి, వెనక ఇత్తడి మీద బర్మింగ్‌హామ్ అన్న అక్షరాలు చదివారు.

"ఇది పాతది కాదమ్మా. పదిహేనేళ్ళు కూడా ఉండవు."

"ఆ ముక్కే రాసివ్వండి బాబూ" అన్నారు ఎలీసబెతు గారు.

"అది కుదరదు. పురాతనమైనవి పురాతనమని రాసివ్వడమే మా పని. కానివాటిని కావని రాయడం మొదలుపెడితే ఊళ్ళో ఉన్న ప్రతి బిందెకూ రాయాలి."

తిరిగి వస్తుంటే మోండా మార్కెట్ దగ్గర తుకారాం ఎదురయ్యాడు. జట్కాలో హీటరును చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏందమ్మా, దీన్ని ఊరంత తిప్పుతున్నరు? పెండ్లి పిల్ల లెక్క! లక్కే గద, జెర వేడి తగిలితె ఊడొస్తది."

"ఆ వేడి కోసమే కదయ్యా ఈ తిరుగుడంతా" అన్నారు ఎలీసబెతు గారు.  హాస్టలు గేటు దగ్గర, "సర్కారు ముద్ర పగలగొడితే ఇరవై ఆరుమంది పిల్లలూ వీధిలో పడతారే కాంతమణీ" అన్నారు. నేను అడగలేదు. ఆమె తనకు తానే చెప్పుకున్నారు.

డిసెంబరు ఇరవై మూడున మళ్ళీ గరం దఫ్తరుకు వెళ్ళాం. మర్నాడు జకర్యా వస్తాడు. ఆ పొద్దున మార్త నన్ను పిలిచి, "ఇవాళ దస్కతు పెడతరా?" అని అడిగింది. పెడతారన్నాను. దారంతా ఒకే వాక్యం మనసులో వల్లె వేసుకున్నాను. కూర్మారావు గారి బల్ల ముందు నిలబడ్డాను.  

"ఐదువందల తొంభై కలపాలండీ. అది ఫసలీ. పదమూడు వందల యాభై ఎనిమిదికి ఐదువందల తొంభై కలిపితే పంతొమ్మిది వందల నలభై ఎనిమిది వస్తుందండీ."

గదిలో అందరూ నావైపు చూశారు. సోమయ్య గారు చంకల్లోంచి చేతులు తీశారు. కూర్మారావు గారు కాగితం తీసుకుని కూడారు. మళ్ళీ కూడారు. ఆయన ముఖం వికసించింది.

"భేష్! సరిగ్గా సరిపోయింది. ఎవరు నేర్పారమ్మా?"

"మా ఊరి బళ్ళో పంతులు గారండీ."

"చూశారా సోమయ్య గారూ, రెండు వారాలుగా మీరెవరూ చెప్పలేదేం?"

"మీరు అడగలె గద సార్" అన్నారు సోమయ్య గారు.

ఎలీసబెతు గారు ధ్రువపత్రం ఆయన ముందుకు జరిపి, సిరాబుడ్డి మూత కూడా తీసి పెట్టారు. కూర్మారావు గారు కలం అందుకున్నారు. సిరాలో ముంచారు. ఆగారు.

"ఒక్కటే ఇబ్బంది. కలపాలన్నది నిజమే. కానీ కలపడానికి నాకు అధికారం లేదు. పదో పరకో అయితే నేనే కలిపేసేవాణ్ణి, మీరు అడగక్కర్లేకుండానే. ఐదువందల తొంభై అంటే చిన్న సంఖ్యా? పైకి రాస్తాను. అనుమతి రాగానే కలిపేద్దాం."

"ఎప్పటికొస్తుందండీ?" అన్నారు ఎలీసబెతు గారు.

"సెలవులు కదమ్మా. మీ పండగకే సెలవులు" అన్నారాయన, మమ్మల్ని సంతోషపెట్టడానికి.

ఇరవై నాలుగున జకర్యా వచ్చాడు. గదిలో హీటరు ఉంది. ముద్ర ఉంది. దగ్గు ఉంది. అతను మూడింటినీ చూశాడు.  మార్త ట్రంకు పెట్టె తలమీద పెట్టుకున్నాడు.

"నాయినా, జనవరిల పరీక్ష ఉన్నది" అంది మార్త.

"ఊర్ల ఎండ మంచిగ కొడ్తది బిడ్డా. నడువు."

"పరీక్ష రాసి వస్త నాయినా. వారం దినాలే."

"మీ అక్క సుత గిట్లనే వారం దినాలన్నది."

 మార్త తన లెక్కల పుస్తకం నాకిచ్చింది. దారిలో చలి తగలకుండా ఎలీసబెతు గారు తన శాలువా కప్పారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా దగ్గు వినిపించింది.

కాగితాల సంగతి ఇంకా ఉంది. జనవరిలో కూర్మారావు గారికి పైనుంచి అనుమతి వచ్చింది, ఐదువందల తొంభై కలుపుకోవచ్చునని. ఆయన కలిపేముందు ఒకసారి సరిచూద్దామని ఇప్పటి సంవత్సరంలోంచి తీసేశారు. పంతొమ్మిది వందల నలభై తొమ్మిదిలోంచి తీస్తే పదమూడు వందల యాభై తొమ్మిది వచ్చింది. పత్రంలో యాభై ఎనిమిదే ఉంది. ఫసలీ సంవత్సరం అక్టోబరులో గానీ మారదు కనుక జనవరి నుంచి ఐదువందల తొంభై ఒకటి కలపాలని నేను ఉత్తరం రాశాను. ఆ ఒకటి కోసం ఆయన మళ్ళీ పైకి రాశారు. (పదో పరకో అయితే తనే కలిపేసేవాణ్ణన్న మనిషి, ఒకటి కలపలేదు. ఐదువందల తొంభైతో కలిసి వచ్చింది కనుక అది కూడా పెద్ద సంఖ్యేనట.) ఈలోగా మూడు నెలల గడువు నిజంగానే ముగిసింది.

ఫిబ్రవరిలో మార్త కార్డు రాసింది. దగ్గు తగ్గిందట. పత్తి ఏరడానికి పోతోందట. బడి సంగతి ఇంట్లో ఎత్తడం లేదట. నేను చేస్తున్న వడ్డీ లెక్కల్లో ఏదైనా రాకపోతే కార్డు మీద రాసి పంపమంది. మార్చిలో హాజరుపట్టీలో ఆమె పేరు మీద ఎర్రగీత గీశారు.

ఏప్రిల్ రెండో వారంలో కూర్మారావు గారు స్వయంగా కొత్త తనిఖీకి వచ్చారు. బయట తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆయన తన చేతులతో లక్కముద్ర తీశారు. (అప్పటికే ఎండకు సగం కారిపోయి ఉంది.) సబ్బు నురగ పూశారు. బుడగలు లేవలేదు. కొత్త నిబంధన ప్రకారం పూర్తి గంట వెలిగించాలి, తనిఖీ అధికారి ఎదురుగా కూర్చోవాలి. కూర్చున్నారు. కోటు విప్పకూడదన్న నిబంధన లేకపోయినా విప్పలేదు. ఎలీసబెతు గారు తాటాకు విసనకర్ర ఇచ్చారు. గాలి తగిలితే మంట కొలత తప్పుతుందని ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు.

గంట అయ్యాక చెమట తుడుచుకుని, "బ్రహ్మాండమైన యంత్రం. చాలా బాగా కాగుతోంది" అన్నారు. ఆయన మాటలో కపటం లేదు.

ఫారం నింపడానికి నన్ను పిలిచారు. ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. యంత్రం స్థితి: ఉత్తమం. గొట్టాలు: లోపం లేదు. గది: గాలి ఆడుతుంది. గదిలో నివసించేవారు: ప్రస్తుతం ఎవరూ లేరు. (ఎండలకు మేమంతా వరండాలో పడుకుంటున్నాం.) చివరి గడి కొంచెం పెద్దది. 'ఈ యంత్రం కారణంగా గత శీతకాలంలో నష్టపోయినవారి సంఖ్య.'

నా కలం ఆగింది. మార్త మంచం మీద హీటరు తాలూకు ఖాళీ పెట్టె పెట్టి ఉంది.

"ఏమ్మా ఆగావు? నిప్పంటుకోలేదు. గ్యాసు కారలేదు. ఒక్కరికి చిటికెన వేలు కూడా కాలలేదు. ఇంత మంచి రికార్డు ఈ జిల్లాలో మరో యంత్రానికి లేదు. సున్నా వెయ్యి."

వేశాను. సున్నా చాలా గుండ్రంగా వచ్చిందని మెచ్చుకున్నారు.